పిందెని వేలుతో చూపించకూడదు

మా అత్తయ్య పిందెని ఎప్పుడూ వేలుతో చూపించదు. వేళ్ళన్నీ మడిచి, పిడికిలి అటు చాచి, "అదిగో, ఆ పెద్దాకు చాటున" అంటుంది. వేలు చూపిస్తే పిందె కుళ్ళి రాలిపోతుందని మా గోదావరి వైపు పెద్దవాళ్ళని ఎవరిని అడిగినా చెబుతారు. పెళ్ళయిన కొత్తలో తెలియక నేను చూపుడువేలు చాచి "అత్తయ్యా, బీరపిందె!" అన్నాను. ఆవిడ గబుక్కున వచ్చి నా వేలు పట్టుకుని మడిచేసింది. కోప్పడలేదు. మడిచిన ఆ పిడికిలిని తన చేతిలో అలాగే కాసేపు ఉంచుకుంది.

మాది రాజమండ్రి. మేడ మీద చిన్నా పెద్దా కలిపి 43 కుండీలు. కుండీలని అనడమే గానీ సగం 20 లీటర్ల పెయింటు బకెట్లు, చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మోకోల్ పెట్టెలు. నాకిప్పుడు 33 వారాలు నిండాయి. సంక్రాంతి వెళ్ళిన వారానికి డెలివరీ డేటిచ్చారు. వచ్చే ఆదివారం తణుకులో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతున్నాను. మళ్ళీ ఈ మేడ ఎక్కేసరికి ఎండలు ముదురుతాయి. వెళ్ళేలోగా ఈ ఏడాది సంగతంతా రాయాలనిపించింది. ఎందుకంటే మా కుండీల మీద రెండేళ్ళుగా ఒక నింద ఉంది.

రెండేళ్ళ కిందట నాకు నెల తప్పింది. పదో వారం నడుస్తుండగా ఒకరోజు ఆటోలో ఎర్రమట్టి బస్తాలు వచ్చాయి. మా ఆయన వచ్చేదాకా ఆగలేక, సగం మట్టి నింపిన బకెట్ ఒకటి నేనే నీడలోకి జరిపాను. ఎత్తలేదు, నేల మీద ఈడ్చాను. మర్నాడు సాయంత్రానికి బ్లీడింగ్ మొదలైంది. స్కానింగ్‌లో గుండె చప్పుడు లేదన్నారు.

పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ హాల్లో కూర్చుని కాఫీ తాగుతూ, "కడుపుతో ఉన్న పిల్ల మట్టి బకెట్లు లాగడమేంటమ్మా, అందుకే నిలబడలేదు" అంది. నేను పక్క గదిలో పడుకుని ఉన్నాను. తలుపు దగ్గరకి వేసుందంతే. ఆ మాట నాకు వినబడిందని ఆవిడకి ఈరోజుకీ తెలియదు.

ఆ తర్వాత నాలుగు నెలలు మేడ ఎక్కలేదు. వంగ, మిరప ఎండిపోయాయి. కరివేపాకు చెట్టూ రెండు గోంగూర మొక్కలూ మాత్రం బతికాయి. ఎలా బతికాయో అప్పుడు ఆలోచించలేదు. చాలా రోజులకి ఒక ఉదయం బట్టలు ఆరేయడానికి వెళితే మెట్ల మీద నీటి చుక్కల వరస కనిపించింది. మోకాళ్ళ నొప్పులతో మా అత్తయ్య రోజూ చెంబుతో నీళ్ళు మోసుకెళ్ళి పోస్తోంది. నాతో ఒక్క మాట అనలేదు.

నేను ఒక బట్టల షాపులో లెక్కలు చూస్తాను. అంకెలు నా కంటికి ఊరికే కనబడతాయి. అయినా ఆ స్కాన్ రిపోర్టు మాత్రం మడత విప్పకుండా బీరువాలో పెట్టేశాను. ఆరు నెలల తర్వాత డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడే విప్పి చూపించారు. పిండం ఏడో వారం కొలత దగ్గరే ఆగిపోయి ఉంది. నేను బకెట్ జరిపింది పదో వారంలో! "అప్పటికి మూడు వారాల ముందే ఎదుగుదల ఆగిపోయిందమ్మా. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగం దాకా పిండంలోనే క్రోమోజోముల తేడా ఉంటుంది. నువ్వు ఏదో చేసినందువల్ల కాదు, ఏదో చెయ్యకపోయినందువల్లా కాదు" అన్నారు. ఇంటికొచ్చి క్యాలెండర్ తీసి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మూడు వారాలు. ఆ బకెట్‌లో అప్పటికింకా మట్టే పోయలేదు.

ఈ ఏడాది ఉగాదికి ఆనప (సొరకాయ) గింజలు నాలుగు పెట్టాను. మూడు మొలిచాయి. మే మూడో వారంలో టెస్ట్‌లో రెండు గీతలు పడ్డాయి. మా ఆయనకీ అత్తయ్యకీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

రోహిణి కార్తె ఎండలకి తోడు వేవిళ్ళు పట్టుకున్నాయి. అంతకుముందు నాకు ఇష్టమైన వాసనలన్నీ శత్రువులయ్యాయి. కొత్తిమీర తుంపితే కడుపులో తిప్పేది. మొక్కలకి పోసే జీవామృతం డ్రమ్ము మూత తీస్తే కింద వంటింట్లో ఉన్నా నాకు తెలిసిపోయేది. పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి పులిసిన ఆ వాసనని నేనే రెండేళ్ళపాటు ప్రేమగా కర్రతో కలిపాను. మా ఆయన ఆ డ్రమ్ముని పక్కింటివాళ్ళ ఖాళీ స్థలంలోకి మార్చేశారు. నాకు హాయిగా అనిపించింది తడి మట్టి వాసన ఒక్కటే. సాయంత్రం ఆరుకి షేడ్ నెట్ కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఆయన నీళ్ళు పోస్తుంటే ఊరికే కూర్చునేదాన్ని.

కుండీల పని చేయవచ్చా అని మొదటి చెకప్‌లోనే అడిగాను. ఈసారి ఎవరి నోటా ఆ మాట వినదలుచుకోలేదు. డాక్టరుగారు వద్దనలేదు. బరువు ఎత్తొద్దు, ఎండలో వద్దు, మందు కొట్టేటప్పుడు అక్కడ ఉండొద్దు, మట్టి ముట్టుకుంటే గ్లవ్స్ వేసుకో, తర్వాత సబ్బుతో కడుక్కో. అంతే. గ్లవ్స్ దేనికంటే పిల్లుల వల్ల. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు. మామూలు మనుషులకి పెద్దగా ఏమీ చేయదు గానీ, కడుపుతో ఉండగా కొత్తగా సోకితే బిడ్డకి ప్రమాదం. మా వీధిలో ఒక బూడిదరంగు పిల్లి ఉంది. మెత్తటి మట్టి కనబడితే చాలు, దానికి అదే చోటు. నా కొత్తిమీర పెట్టె సరిగ్గా అలాంటిదే. ఆ పెట్టెలో మట్టి మొత్తం తీసి పారబోయించి, కొత్త మట్టి నింపి, కొబ్బరి చీపురు పుల్లలు జానెడు జానెడు ముక్కలు చేసి దగ్గర దగ్గరగా గుచ్చాం. పుల్లల మధ్య పిల్లికి కూర్చునే చోటు లేదు, కొత్తిమీర మాత్రం దర్జాగా పెరిగింది. ఆకుకూరలేవైనా ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి, మళ్ళీ మూడు నీళ్ళు కడిగాకే పొయ్యెక్కేవి.

జూన్ మూడో వారానికి ఆనపపాదు తాళ్ళ మీదకి పాకి తెల్లటి పూలతో నిండిపోయింది. ఎండలకి ముందు అన్నీ మగపూలే వచ్చాయి. సన్నటి పొడవాటి కాడ, చివర పువ్వు, అంతే. మృగశిర వెళ్ళాక ఆడపూలు మొదలయ్యాయి. పువ్వు కింద బొటనవేలంత పిందె, దాని మీద సన్నటి నూగు. ఒకటి, రెండు, అయిదు పిందెలు. అయిదూ నాలుగైదు రోజుల్లో తొడిమ దగ్గర పసుపు తిరిగి, మెత్తబడి, రాలిపోయాయి.

నాకప్పుడు మళ్ళీ పదో వారం.

ఆ అయిదో పిందె నేల మీద పడి ఉండగా చూసి, కుర్చీలో కూర్చుండిపోయాను. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ భయంతో చూసుకుంటున్న రోజులవి. అత్తయ్య వచ్చి పిందెని తీసి అవతల పారేసి, "ఎవరో వేలు చూపించారు. ఎదురింటి మేడ మీద పిల్లలు ఆడుతున్నారుగా" అంది. ఆవిడ నన్ను ఊరడించడానికే అంది. కానీ నాకు హాల్లో కాఫీ కప్పుతో కూర్చున్న ఆవిడ గుర్తొచ్చింది. రాలిపోయినదానికి ఎప్పుడూ ఎవరో ఒకరు కారణం కావాలి. ఒకసారి వేలు, ఒకసారి బకెట్.

"అత్తయ్యా, ఎవరూ ఏమీ చెయ్యలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వీటికి పుప్పొడి అందలేదు, అంతే. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగులు వచ్చి వాలితేనే కాయ. ఇంత పైకి అవి వస్తున్నట్టు లేదు."

ఆ సాయంత్రమే ఆవిడకి చేసి చూపించాను. అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రెక్కలు ఒలిచేస్తే మధ్యలో పసుపుపచ్చటి పుప్పొడి కాడ మిగులుతుంది. దాన్ని ఆడపువ్వు మధ్యలో మూడు పాయలుగా ఉండే కీలాగ్రం మీద మెల్లిగా, చంటిపిల్లకి కాటుక దిద్దినట్టు, చుట్టూ తాకించాలి. ఒక మగపువ్వు రెండు ఆడపూలకి సరిపోతుంది. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని, మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఏమీ మాట్లాడలేదు. మూడోరోజుకి ఆ పిందె తల దించి, వేలెడు పొడుగు సాగింది. ఆవిడ దాన్ని మా ఆయనకి చూపించింది, పిడికిలితోనే.

పదో వారం దాటింది. జూలైలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక మందం చూసేది) బాగుందన్నారు. అప్పుడు ఏడ్చాను, దాని గురించి రాయలేను.

ఆకుకూరల గురించి ఒక మాట. మొదటి పరీక్షలో నా హిమోగ్లోబిన్ 9.6. చూడవచ్చిన వాళ్ళందరూ "తోటకూర తిను, గోంగూర తిను, ఇంట్లోనే ఉందిగా, రక్తం దానంతటదే పడుతుంది" అన్నారు. తిన్నాను. రోజు మార్చి రోజు తోటకూర పప్పో, తీగబచ్చలి కూరో, మునగాకు వేపుడో. కానీ ఆకుకూర ఐరన్ మాత్రకి బదులు కాదు. ఆకుల్లో ఉండే ఇనుమును ఒళ్ళు తక్కువగా పీల్చుకుంటుంది. నిమ్మరసం పిండుకుంటే కొంత మెరుగు, వెంటనే కాఫీ తాగితే ఆ కొంతా పోతుంది. నేను మాత్ర మధ్యాహ్నం నిమ్మకాయ నీళ్ళతో, కాల్షియం రాత్రికి, రెండూ కలపకుండా వేసుకున్నాను. కాఫీ పొద్దున ఒక్కసారికే తగ్గించాను. అక్టోబరుకి 10.8, నవంబరు చివరికి 11.2. మలబద్ధకం చేస్తుందని మాత్ర మానేసి ఆకుకూరల మీద భారం వేసినవాళ్ళు నాకు తెలుసు. దయచేసి అలా చెయ్యకండి. ఇబ్బందిగా ఉంటే డాక్టరుకి చెప్పండి, మాత్ర మారుస్తారు. పాలకూర పెట్టె పాలకూర పెట్టే, మందు మందే.

సెప్టెంబరు మొదట్లో టిఫా స్కాన్, బిడ్డ అవయవాలన్నీ చూసేది. ఆ నలుపు తెలుపు కాగితం ఇంటికి తెచ్చాక అత్తయ్య దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. సాయంత్రం పక్కింటి పిన్నిగారు వస్తే చూపించాలనుకుంది. "ఇదిగో తల, ఇవి కాళ్ళు" అంటోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. కాగితం మీద ఆవిడ చేయి కదులుతోంది. వేళ్ళన్నీ మడిచే ఉన్నాయి. తలని పిడికిలితో చూపించింది. కాళ్ళనీ పిడికిలితోనే చూపించింది.

అదే వారం, సెప్టెంబరు 7, ఆదివారం, భాద్రపద పౌర్ణమి నాడు సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి 9.57కి పట్టి 1.26కి విడుస్తుంది. అమ్మ తణుకు నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది. కత్తి పట్టుకోకు, కూరలు తరగకు, గోళ్ళు తీసుకోకు, బయటికి రాకు, వెల్లకిలా కదలకుండా పడుకో. గ్రహణం వల్ల బిడ్డకి ఏమీ కాదని నాకు తెలుసు. అయినా ఆ ముగ్గురు పెద్దల మనసు కష్టపెట్టే పట్టుదల నాకు లేదు. అమ్మ, నాన్న, అత్తయ్య, ముగ్గురికీ రెండేళ్ళ కిందటిది గుర్తుంది. సరే అన్నాను. ఒక్కటే చిక్కు. ఆరుద్రకి పెట్టిన రెండో ఆనపపాదుకి ఆ సాయంత్రమే మంచి ఆడపువ్వు విచ్చుకునేలా ఉంది. దిట్టమైన తీగ, దిట్టమైన పిందె, విత్తనానికి వదలాలని నేను చూసుకుంటున్నది. రేపటికి వాడిపోతుంది.

"నేను ఆరింటికి వెళ్ళి అయిదు నిమిషాల్లో వచ్చేస్తానత్తయ్యా, గ్రహణం పట్టేది రాత్రికి కదా" అన్నాను.

"నువ్వు గడప దాటద్దు" అంది. కాసేపాగి, "మగపువ్వు అంటే సన్నకాడదేగా?" అని అడిగింది.

మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కిన చప్పుడు నాకు కింద మంచం మీద నుంచి వినిపించింది. పావుగంట తర్వాత దిగింది. ముక్కు మీద పుప్పొడి. "మూడు వైపులా తాకించాను. నాలుగోసారి కూడా తాకించాను, ఎందుకైనా మంచిదని" అంది. తర్వాత స్నానం చేసి, వంటింట్లో నీళ్ళ బిందె మీదా పచ్చడి జాడీల మీదా దర్భలు వేసింది. ఆ రాత్రి నేను వెల్లకిలా పడుకుని ఉండగా, లోపల చేపపిల్ల తోక కొట్టినట్టు కదలిక. అంతకుముందు రెండు మూడుసార్లు అనుమానంగా అనిపించింది గానీ, ఇది అనుమానం కాదు. అత్తయ్య చేయి తీసి అక్కడ పెట్టాను. ఆవిడ చేతికి తెలియలేదు. తెలిసిందనే చెప్పింది.

ఆ పువ్వు నిలిచింది.

అక్టోబరులో సీమంతం. అమ్మ చలిమిడి తెచ్చింది, చేతుల నిండా గాజులు తొడిగారు. ఆ ముచ్చట అందరిళ్ళలో జరిగేదే. అది జరిగిన కొద్ది రోజులకే మొంథా తుపాను. 28వ తేదీ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ముందురోజే మా ఆయనా, కింద వాటాలో కాలేజీ కుర్రాళ్ళిద్దరూ కలిసి బకెట్లన్నీ పిట్టగోడ పక్కకి చేర్చారు. షేడ్ నెట్ విప్పేశారు. తీగలున్న తాళ్ళు వదులు చేసి నేల మీదకి దించారు. నేను పై మెట్టు మీద కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చెప్పాను. నా పని అంతే. ఒక్క బకెట్ కూడా ముట్టుకోలేదు, ముట్టుకోవాలని చేయి ఆడింది గానీ.

ఆనపకాయకి అప్పటికి 51 రోజులు. తొక్క గట్టిపడుతోంది, లేత ఆకుపచ్చ పోయి తెల్లబారుతోంది. తీగ నుంచి కోస్తే గింజ పక్వానికి రాదు. ఉంచితే గాలికి ముచ్చిక తెగుతుంది. అత్తయ్య లోపలికి వెళ్ళి మావయ్యగారి పాత పంచె ఒకటి తెచ్చింది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ పంచెలు ఆవిడ ఎవరికీ ఇవ్వదు, దేనికీ వాడదు. దాన్ని నాలుగు మడతలు వేసి, కాయ కింద నుంచి తిప్పి, నీళ్ళ ట్యాంకు ఇనుప కాలికి జోలెలా కట్టించింది. ఆ రాత్రంతా ఈదురుగాలి. రేకులు ఎక్కడో కొట్టుకున్న మోత. కరెంటు పోయింది. నిద్ర పట్టక ఇద్దరం కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాం. తెల్లారాక మా ఆయన పైకెళ్ళి చూసొచ్చారు. చిక్కుడు పందిరి ఒక పక్కకి ఒరిగింది, మూడు వంగమొక్కలు విరిగాయి, బొప్పాయి మొదలుకంటా పోయింది. జోలె తడిసి బరువెక్కింది, కాయ అందులోనే ఉంది.

పందిరి చిక్కుడు మృగశిరకి పెట్టాను. నాలుగు నెలలు ఒక్క పువ్వు పూయకుండా ఆకులే వేసింది. పగటిపొద్దు కురచైతే గానీ అది పూతకి రాదు. దసరా వెళ్ళాక ఊదారంగు గుత్తులు వేసింది. మొన్న మొదటి కోత, అరకిలో పైనే వచ్చాయి. అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి అత్తయ్య కూర చేసింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇప్పుడు పైకి ఎక్కడం కష్టమైంది. ఆయాసం, కాళ్ళ వాపు. రెండు రోజులకోసారి, పిట్టగోడ వైపు చేయి ఆనించుకుంటూ మెల్లిగా వెళతాను. మా ఆయనకి రాసిచ్చిన కాగితం మెట్ల దగ్గర గోడకి అంటించాను. శీతాకాలం రోజూ నీళ్ళక్కర్లేదు, వేలు మట్టిలో దించి తడి లేకపోతేనే పోయాలి. చిక్కుడుకి పేనుబంక పడితే ముందు నీళ్ళ ధారతో కడగాలి, తగ్గకపోతే లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు, అదీ సాయంత్రం పూట. మెంతులు పదిహేను రోజులకోసారి కొత్త పెట్టెలో చల్లాలి. బాలింతకి మెంతికూర కావాలని అత్తయ్య చివర తన చేత్తో రాసింది, నేను తిరిగొచ్చేది ఉగాదికి అయినా.

ఆనపకాయ నిన్న కోశాం. 12 వారాల కాయ. తీగ పూర్తిగా ఎండింది, ముచ్చిక చేత్తో తిప్పగానే ఊడొచ్చింది. అంత పెద్ద బుర్ర, ఎత్తితే చెంబంత బరువు లేదు. అత్తయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కదిపింది, తర్వాత నా చెవి దగ్గర పెట్టింది. లోపల గింజలు గలగలలాడాయి. ఎన్నో ఉన్నాయి. పగలగొడదామా అంటే వద్దంది. ఉట్టికి కట్టి ఉంచుతుందట, నేను వచ్చాకే తీద్దామంటుంది.

"ఎక్కడ కడతావత్తయ్యా?" అని అడిగాను.

వంటింటి దూలం వైపు పిడికిలి చాచి చూపించింది.